చర్మం – సందేహాలు: పుట్టుమచ్చలు, ముఖం మీది ఎరుపు, బయటికి కనిపించే నరాలు

ఈ నెల నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముఖానికి సంబంధించినవే. మచ్చ ఎలా తీయించుకోవాలి, ఎరుపు ఎలా పోగొట్టుకోవాలి, లేజర్ మంచిదా కత్తి మంచిదా అని చాలామంది రాశారు. ఆ మచ్చ అసలు ఏమిటి, ఆ ఎరుపు దేనివల్ల వచ్చింది అని అడిగినవారు చాలా తక్కువ. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరకకుండా మొదటిదానికి జవాబు చెప్పడం వైద్యుడికి సాధ్యం కాదు. అందుకే ఒక్కో ఉత్తరానికి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 24. పై పెదవి పక్కన చిన్నప్పటి నుంచి శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండు వెంట్రుకలు కూడా వస్తాయి. మాఘంలో నా పెళ్లి. హైదరాబాద్‌లో ఒక లేజర్ సెంటర్ వాళ్లు అరగంటలో కాల్చేస్తామంటున్నారు. పుట్టుమచ్చను కదిలిస్తే క్యాన్సర్ అవుతుందని మా అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీ అమ్మగారి భయం ఒట్టిదని తీసిపారేయను, కానీ అది కొంచెం దారి తప్పిన భయం. మామూలు పుట్టుమచ్చను కోసి తీసినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారదు. వెంట్రుకలు పీకినా మారదు. అయితే పీకితే చీము పట్టే అవకాశం ఉంది కాబట్టి కత్తిరించుకోవడం మేలు. మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? అప్పటికే లోపల క్యాన్సర్ ఉన్న మచ్చను మామూలు మచ్చ అనుకుని ఎవరో కాల్చేస్తారు. కొన్నాళ్లకు అది మళ్లీ లేచి, పక్కకు పాకి, మెడ దగ్గర గడ్డలుగా బయటపడుతుంది. చూసేవారికి కాల్చడం వల్లే వచ్చిందనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగిన తప్పు కాల్చడం కాదు, ముక్క పరీక్ష, అంటే కోసిన ముక్కను ల్యాబులో సూక్ష్మదర్శినితో చూడటం, లేకుండా కాల్చడం.

మీ మచ్చ చిన్నప్పటి నుంచి ఒకే తీరుగా ఉందని, ఉబ్బెత్తుగా ఉందని, వెంట్రుకలు వస్తున్నాయని రాశారు. ఇవన్నీ నిమ్మళంగా ఉండదగిన లక్షణాలే. ఒక సగం మరో సగంలా లేకపోవడం, అంచులు గీసినట్టు కాక వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, నీలం కలగలిసి కనిపించడం, 6 మిల్లీమీటర్లను దాటి పెరగడం, అన్నింటికంటే ముఖ్యంగా ఇటీవలి నెలల్లో రూపు మారడం, దురద పెట్టడం, రక్తం కారడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మన రంగు చర్మంలో మెలనోమా అనే పుట్టుమచ్చ క్యాన్సర్ అరుదు. వచ్చినప్పుడు ముఖం మీద కంటే అరికాలు, అరచేయి, గోరు కింద ఎక్కువగా కనిపిస్తుంది. నాట్లేసే కాళ్లకు ముల్లు గుచ్చుకుని నల్లబడిందనుకుని ఏడాది తిరిగాక వచ్చేవారున్నారు కాబట్టి, ముఖం గురించి రాసిన ఈ సందర్భంలోనే పాదాలు కూడా చూసుకోమని పాఠకులందరినీ కోరుతున్నాను.

ఇక తీసే పద్ధతి. మీలాంటి ఉబ్బెత్తు మచ్చకు చుట్టూ మత్తు సూది ఇచ్చి, పలుచని బ్లేడుతో చర్మం మట్టానికి చెక్కి తీయడం ఒక పద్ధతి. కుట్లు ఉండవు, వారం పది రోజుల్లో మానుతుంది, గుర్తు చాలా తక్కువగా మిగులుతుంది. అయితే వేరు లోపలే ఉంటుంది కాబట్టి వెంట్రుకలు తిరిగి రావచ్చు, కొందరిలో కొద్దిగా రంగు కూడా తిరిగి రావచ్చు. వేరుతో సహా కోసి కుట్లు వేయడం రెండో పద్ధతి. దీనిలో మచ్చ తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ సన్నని గీత మిగులుతుంది. ముఖం మీది కుట్లను సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీసేస్తారు. మూడోది లేజర్ లేదా రేడియో తరంగాల సూదితో మాడ్చడం. ఇది వేగంగా అయిపోతుంది, చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ మాడిపోయినదాన్ని పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. నేను దీనిని, చర్మవైద్యుడు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూసి నిస్సందేహంగా మామూలు మచ్చే అని తేల్చిన తరువాత మాత్రమే ఒప్పుకుంటాను.

తీసిన ముక్క ఎంత చిన్నదైనా దాన్ని ఫార్మలిన్ పోసిన చిన్న సీసాలో వేసి, మీ పేరు, తీసిన చోటు రాసిన చీటీ అంటించి ల్యాబుకు పంపడం మీ కళ్లముందే జరగాలి. రిపోర్టు వచ్చాక దాన్ని పారేయకుండా దాచుకోండి. రేపు ఆ గుర్తులో రంగు తిరిగి కనిపిస్తే, సూక్ష్మదర్శినిలో అది అచ్చం చెడు మచ్చలా కనిపించి వైద్యులను తికమక పెట్టే సందర్భాలున్నాయి. అప్పుడు పాత రిపోర్టు ఒక్కటే మిమ్మల్ని అనవసరపు ఆపరేషన్ నుంచి కాపాడుతుంది.

పెళ్లికి వారం ముందు మాత్రం చేయించుకోవద్దు. మానిన చోట గులాబి రంగు, తరువాత కొంత నలుపు నెలల తరబడి ఉంటాయి. కనీసం మూడు నెలల ముందే చేయించుకుని, ఎండలో ఆ చోటుకు సన్‌స్క్రీన్ రాసుకోండి. చెవులు కుట్టించుకున్న చోట గానీ, ఛాతీ మీద మొటిమ మానిన చోట గానీ గట్టిగా ఉబ్బిన మచ్చ లేచి ఉంటే, దాన్ని కీలాయిడ్ అంటారు, ఆ సంగతి ముందే చెప్పాలి. అలాంటివారికి నేను అందం కోసం మచ్చ తీయించుకోమని చెప్పను.

ప్రశ్న: పదో తరగతి మెమోలో గుర్తింపు చిహ్నంగా ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాశారు. తీయించుకుంటే రేపు ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందా?
— డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: మన దగ్గర మెమో మీద సాధారణంగా రెండు గుర్తులు రాస్తారు కాబట్టి రెండోది ఏదో ముందు చూసుకోండి. అది ముఖం మీద కాక చేతి మీదో మెడ మీదో ఉంటే చాలావరకు ఆందోళన అక్కడే తీరిపోతుంది. ఈ రోజుల్లో మనిషిని గుర్తించడానికి ఫొటో, వేలిముద్రలు, కంటిపాప ముద్రలే ప్రధానం. అయినా మచ్చ తీయడానికి ముందు తేదీతో కూడిన ఫొటో తీయించుకుని, ఏ తేదీన, ఏ చోట, ఏ పరిమాణంలో ఉన్న మచ్చను తొలగించారో వైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక ధ్రువపత్రం రాయించుకుని మెమోతోపాటే ఫైలులో పెట్టండి. ఒకవేళ మీరు శరీర పరీక్షలుండే నియామకాలకు దరఖాస్తు చేసి ఉంటే, ఆ ప్రక్రియ పూర్తయ్యేవరకు ఆగడం నా సలహా. మచ్చ ఎక్కడికీ పోదు, ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

ప్రశ్న: మా అమ్మ వయసు 62, వ్యవసాయం చేస్తుంది. ముక్కు పక్కన రెండేళ్ల కింద నల్లని పుట్టుమచ్చ కొత్తగా లేచింది. ఇప్పుడు మధ్యలో పుండుపడి, పక్కు కట్టి, రాలి, మళ్లీ కడుతోంది. నొప్పి లేదు. అందం కోసం ఈ వయసులో ఎందుకని అమ్మ ఆసుపత్రికి రానంటోంది.
— హాలియా

జవాబు: ఇది అందం సంగతి కాదని అమ్మగారికి చెప్పండి. అరవై దాటిన మనిషికి ముఖం మీద కొత్తగా పుట్టుమచ్చ లేచిందంటే దాన్ని పుట్టుమచ్చ అనుకోకూడదు. దశాబ్దాల తరబడి ఎండ తిన్న ముక్కు, కంటి పక్కల, చెంపల మీద బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ వస్తుంది. తెల్లని చర్మంలో అది ముత్యంలా గులాబి రంగులో ఉంటే, మన చర్మంలో తరచు నల్లగా, మెరుస్తూ, అచ్చం పుట్టుమచ్చలానే ఉంటుంది. మధ్యలో పుండుపడి, మానినట్టే మాని మళ్లీ రేగడం దాని తీరు. నొప్పి లేకపోవడాన్ని చూసి ధైర్యపడవద్దు.

ఉత్తరం చదివి అదే అని నేను తేల్చలేను, కానీ ముక్క పరీక్ష ఈ వారంలోనే జరగాలి. ఒకవేళ అదే అయినా భయపడవలసిన పని లేదు. ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, పూర్తిగా కోసి తీస్తే నయమవుతుంది. వదిలేస్తే మాత్రం ముక్కు మృదులాస్థిని, కంటి అంచును తినుకుంటూ పోతుంది. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు గానీ వెళ్లి చర్మ విభాగానికి ఓపీ చీటీ రాయించుకోండి. ఆమె రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

ప్రశ్న: చెంపల మీద, మెడ మీద ఆవగింజలంత నల్లని పులిపిర్లు ఏటేటా పెరుగుతున్నాయి. మా అమ్మకు కూడా ఇలాగే ఉండేవి. సంతలో ఒకాయన సున్నం, సోడా కలిపిన మందు పెడితే రాలిపోతాయన్నాడు. పెట్టించుకోవచ్చా?
— గృహిణి, కోస్గి

జవాబు: దయచేసి పెట్టించుకోకండి. సున్నమూ సోడా కలిస్తే అది ఘాటైన క్షారం. ఆమ్లం కంటే క్షారం ప్రమాదకరం, ఎందుకంటే అది పైనే ఆగక చర్మాన్ని కరిగించుకుంటూ లోలోపలికి దిగుతూనే ఉంటుంది. పులిపిరి నిజంగానే రాలుతుంది, దాని చోట గుంత పడుతుంది. ఆ గుంత జీవితాంతం ఉంటుంది. కంటి దగ్గర పెట్టినది కంట్లోకి జారితే చూపు పోవచ్చు. కొన్ని చోట్ల నల్లజీడి గింజ రసం కూడా పెడతారు. చాకలి గుర్తులకు వాడిన ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కి, ముఖమంతా వాచి, నెలల తరబడి నల్లబడుతుంది. ఎవరైనా ఇప్పటికే సున్నం మందు పెట్టించుకుని మంటతో ఉంటే, ముందు ధారగా పారే నీటితో కనీసం అరగంట కడిగి ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి. నిమ్మరసం పోస్తే విరుగుతుందని పోయకూడదు.

మీకున్నవి వర్ణనను బట్టి నల్లని చాయ ఉన్నవారిలో వంశపారంపర్యంగా వచ్చే చిన్న చర్మపు బుడిపెలు. ఇవి హాని చేయవు, క్యాన్సర్‌గా మారవు, అంటుకోవు. తీయించుకోవాలంటే మత్తు క్రీము రాసి, సన్నని సూదితో పైపైన కాలుస్తారు. ఒకేసారి అన్నీ తీయించుకోకుండా ముందు దవడ పక్క రెండు మూడు తీయించుకుని, నెల తరువాత అక్కడ నల్లని గుర్తు ఎంత పడిందో చూసి మిగతావాటి సంగతి నిర్ణయించుకోండి. కొత్తవి వస్తూనే ఉంటాయని కూడా తెలిసి ఉండండి.

ప్రశ్న: నా వయసు 33, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ను. మంగు మచ్చలకని నాలుగేళ్ల కింద మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము వాడుతున్నాను. మొదట ముఖం తెల్లగా, నున్నగా అయింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే ముఖమంతా ఎర్రబడి మంట పుడుతుంది, మొటిమలు లేస్తాయి. మళ్లీ రాస్తే తగ్గుతుంది. చెంపల మీద సన్నని ఎర్ర నరాలు కనిపిస్తున్నాయి. వాటిని లేజర్‌తో తీయించుకోవాలనుకుంటున్నాను.
— నాగర్‌కర్నూల్

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఈ నెల ఒక్కటి కాదు, చాలా వచ్చాయి. అందువల్ల మీ జవాబును అందరూ చదవాలని నా కోరిక.

ముందు ఆ ట్యూబును చేతిలోకి తీసుకుని, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితా చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినొలోన్ అనే వాటిలో ఏదున్నా అది స్టెరాయిడ్ క్రీము. మంగుకు వాడే మిశ్రమ క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వైద్యుడి పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడవలసిన మందు అది. ముఖానికి రోజూ పూసే ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి వాడటం వల్లే ఈ కథంతా. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది, అందుకే రాసినంతకాలం ముఖం తెల్లగా కనిపిస్తుంది. అదే సమయంలో చర్మాన్ని బలంగా ఉంచే కొల్లాజెన్‌ను తగ్గిస్తుంది. ఏళ్లు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పలుచబడి, కింది నాళాలు పైకి కనిపిస్తాయి. మందు ఆపగానే అంతకాలం అణిగి ఉన్న నాళాలు ఒక్కసారిగా విప్పారి ముఖం మండుతుంది. వెలుతురులో ఇలాంటి చెంపను దగ్గర నుంచి చూస్తే చెవుల ముందు కొత్తగా మొలిచిన నూగు వెంట్రుకలు, గడ్డం చుట్టూ చిన్న చీము మొటిమలు, ముక్కు పక్కల జిగ్‌జాగ్‌గా పాకిన ఎర్రని గీతలు ఒకేసారి కనిపిస్తాయి. మన దేశపు చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అనే పేరే పెట్టుకున్నారంటే ఎంతమందికి ఉందో ఊహించండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి అనేక స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా నలభై యాభై రూపాయలకు చేతికి అందుతున్నాయి.

మీరు లేజర్ గురించి అడిగారు. ఇప్పుడు వద్దు. ఇంత సున్నితంగా ఉన్న చర్మం మీద లేజర్ పడితే కాలిన గుర్తులే మిగులుతాయి. ముందు క్రీము ఆపాలి. ఘాటైన మందును ఏళ్ల తరబడి వాడినవారికి కొందరు వైద్యులు ఒక్కసారిగా ఆపించకుండా తక్కువ ఘాటు మందుకు మార్చి దశలవారీగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత, కొన్ని వారాలపాటు డాక్సీసైక్లిన్ మాత్రలు మంటను అదుపులో పెడతాయి. గర్భం ఉన్నా, అనుకుంటున్నా ముందే చెప్పండి, ఎందుకంటే డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వరు. సబ్బు, ముల్తానీ మట్టి, పసుపు, నిమ్మకాయ, పార్లర్‌లో బ్లీచ్, ఫేషియల్ అన్నీ ఆపేయండి. వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, చల్లని నీళ్లలో ముంచి పిండిన నూలు గుడ్డ, ఇవి చాలు.

ఆపిన మొదటి వారాలు చాలా కష్టంగా ఉంటాయి. ముఖం ఇంతకుముందెన్నడూ లేనంత ఎర్రబడుతుంది, చూసినవాళ్లు ఏమైందని అడుగుతారు, పాత ట్యూబు మీదికి చేయి పోతుంది. సరిగ్గా అక్కడే చాలామంది ఓడిపోతారు. ఇది మందు వదిలే బాధే తప్ప రోగం ముదరడం కాదని గుర్తుపెట్టుకుని, ఇంట్లో ట్యూబు ఉంచుకోకండి. ఎరుపు తగ్గడానికి నెలలు పడుతుంది. నరాల్లో కొన్ని వాటంతటవే సన్నబడతాయి. చర్మం ఆరు నెలలపాటు నిలకడగా ఉన్న తరువాత, మిగిలిన నరాలకు లేజర్ సంగతి ఆలోచించవచ్చు.

ఒక్క హెచ్చరిక. చెంపలు, ముక్కు దూలం మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎరుపు ఉండి, దానితోపాటు కీళ్ల నొప్పులు, నోటిలో పుండ్లు, జుట్టు విపరీతంగా రాలడం, ఎండలోకి వెళ్లగానే ముదరడం, తరచు జ్వరం వంటివి ఉంటే అది లూపస్, అంటే ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు, కావచ్చు. అది మూత్రపిండాల వరకూ వెళ్లగల వ్యాధి. రక్త, మూత్ర పరీక్షలు చేయించకుండా దాన్ని క్రీములతో నెట్టుకురాకూడదు.

ప్రశ్న: వయసు 47. మహబూబ్‌నగర్‌లో బజ్జీల బండి నడుపుతాను. పదేళ్లుగా ముక్కు, చెంపలు వేడెక్కి ఎర్రబడతాయి. ముక్కు మీద నరాలు తేలాయి. కళ్లు కూడా మండుతుంటాయి. తాగుతానని అందరూ అనుకుంటారు. లేజర్‌తో పూర్తిగా పోతుందా?

జవాబు: మీరు రాసిన తీరు రోజేషియా అనే వ్యాధికి సరిపోతుంది. తాగనివారికీ వస్తుంది. కాబట్టి ఆ మాట మనసుకు తీసుకోకండి. నల్లని చాయలో ఎరుపు సరిగా కనిపించక వైద్యులు కూడా దీన్ని మొటిమలనుకుని పొరబడుతుంటారు. వేడి, గుచ్చినట్టు మంట అనే మీ మాటలే నాకు ఆధారం. ఎండ, పొయ్యి సెగ, పొగలు కక్కే చాయ, కారం, కల్లు, సారా, బీరు, కోపతాపాలు దీన్ని రేపుతాయి. బండి మానుకోమని నేను చెప్పలేను. కానీ కడాయికి, ముఖానికి మధ్య గాలి అడ్డంగా పోయేలా చిన్న ఫ్యాను పెట్టుకోవచ్చు, చాయ కాస్త ఆరాక తాగవచ్చు, మధ్యమధ్య చల్లని నీళ్లతో ముఖం తుడుచుకోవచ్చు. ఇవి చిన్నవిగా కనిపించినా మందులకు బాగా తోడ్పడతాయి. మెట్రోనిడాజోల్, ఐవర్‌మెక్టిన్ లేదా అజెలాయిక్ ఆమ్లం పూతలు, అవసరమైతే మాత్రలు చర్మవైద్యుడు ఇస్తారు. కళ్లు మండుతున్నాయన్నారు కాబట్టి కంటి వైద్యుడికి తప్పక చూపించండి, రోజేషియా కంటి రెప్పలకు, నల్లగుడ్డుకు కూడా పాకుతుంది.

లేజర్ కిరణం రక్తంలోని ఎర్రని పదార్థానికి తగిలి, నాళాన్ని లోపలినుంచే వేడెక్కించి మూసేస్తుంది. చిక్కంతా మన చర్మపు నలుపుతోనే. ఆ నలుపు కూడా అదే కాంతిని పీల్చుకుంటుంది. 532, 595 నానోమీటర్ల లేజర్లు తెల్లని చర్మానికి బాగా సరిపోతాయి కానీ చామనఛాయ, నలుపు చర్మం మీద బొబ్బలు, నల్లని మచ్చలు తెచ్చే ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను నలుపు తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మనకు అది కొంత భద్రం, అయితే అది లోతుకు దిగుతుంది కాబట్టి చేసే చేయి అనుభవం ఉన్నదై ఉండాలి. ఏ యంత్రం, ఎన్ని నానోమీటర్లు, నా రంగు చర్మానికి మీరు ఎన్నిసార్లు చేశారు అని అడగండి. అడిగితే విసుక్కునే చోటు మీకు తగదు. ముందు చెవి పక్కన చిన్న చోట పరీక్షగా కొట్టి, నాలుగు వారాలు ఆగి చూడాలి. తరువాత నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో కొన్ని విడతలు పడతాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో వద్దు. వానలు పడి, ఎండకు కమిలిన రంగు దిగాక మొదలుపెట్టండి. పూర్తిగా పోతుందా అంటే, కనిపించే నరాలు చాలావరకు పోతాయి, వ్యాధి స్వభావం మిగిలే ఉంటుంది కాబట్టి ఏళ్లకు కొత్తవి తేలవచ్చు.

ప్రశ్న: మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది. ముఖం ఎర్రబడటానికి అదే కారణమా?
— మునుగోడు

జవాబు: కాదు. ఫ్లోరోసిస్ పళ్లను, ఎముకలను పీడిస్తుంది. ముఖం మీద ఎరుపు, పుట్టుమచ్చలు దానివల్ల రావు. వేరే కారణం వెతకాలి.

ప్రశ్న: బొంబాయి దగ్గర కట్టడం పనికి పోయి వచ్చిన మా తమ్ముడికి చెంప మీద, చెవి మీద రాగి రంగు ఎర్రని మచ్చలు వచ్చాయి. దురద లేదు. తామర మందు వాడినా తగ్గలేదు.
— మక్తల్

జవాబు: దురద లేని ఎర్రని మచ్చ మీద స్పర్శ ఉందో లేదో వెంటనే చూడాలి. అతణ్ని కళ్లు మూసుకోమని, దూది కొసతో ఒకసారి మచ్చ మీద, ఒకసారి మంచి చర్మం మీద తాకి ఎక్కడ తాకారో చూపించమనండి. ముఖం మీద స్పర్శ తగ్గడం తొందరగా తెలియదు కాబట్టి, తెలిసినా తెలియకపోయినా కుష్ఠు పరీక్ష చేయించండి, ముఖ్యంగా చెవి తమ్మెలు మందంగా ఉంటే. 2005 చివరలో దేశం మొత్తం మీద ఈ వ్యాధి పదివేల మందికి ఒకటి కంటే తక్కువకు దిగింది. కానీ పూర్తిగా పోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మందులు ఉచితం, 6 లేదా 12 నెలల చికిత్సతో నయమవుతుంది. మందులు మొదలుపెట్టిన కొద్ది కాలంలోనే ఇతరులకు అంటుకునే అవకాశం పోతుంది. కాబట్టి తమ్ముణ్ని వేరుగా పడుకోబెట్టడం, కంచం వేరు చేయడం వంటివి చేయవద్దు. ముఖం మీద మచ్చ ఉన్నప్పుడు కంటి రెప్ప మూతపడే శక్తి తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి రేపే తీసుకెళ్లండి.

ప్రశ్న: మా మనవరాలికి మూడు నెలలు. పుట్టుకతోనే కుడివైపు నుదురు, కంటిరెప్ప మీద ఎర్రని మచ్చ ఉంది. గ్రహణం నాడు కోడలు బయటికి వచ్చిందని అందరూ ఆమెను అంటున్నారు. పెద్దయ్యాక లేజర్ చేయిస్తే సరిపోతుందా?
— జడ్చర్ల

జవాబు: ముందుగా, మీ కోడలు ఏ తప్పూ చేయలేదు. కడుపులో చర్మం తయారయ్యే దశలో రక్తనాళాల్లో వచ్చే మార్పు ఇది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఇంటి పెద్దగా ఈ మాట మీరే చెబితే ఆ పిల్ల తల్లికి సగం బరువు దిగుతుంది.

పసిపిల్లల ఎరుపు మచ్చలన్నీ ఒకటి కావు. నుదుటి నడుమ, రెప్పల మీద, మెడ వెనక ఉండే లేత గులాబి మచ్చల్లో ముఖం మీదివి ఏడాది రెండేళ్లలో వాటంతటవే వెలిసిపోతాయి. పుట్టిన కొద్ది వారాల తరువాత లేచి వేగంగా ఉబ్బే ఎర్రని గడ్డ వేరు. అదీ ఏళ్లమీద తగ్గుతుంది, కానీ కంటిని, ముక్కును, పెదవిని ఆక్రమిస్తుంటే ఆగకుండా ప్రొప్రనొలాల్ మందు మొదలుపెడతారు. మూడోది చదునుగా, ముదురు ఎరుపుగా, ఒక పక్కకే పరిమితమై, పిల్లతోపాటు పెరిగే మచ్చ. అది తనంతట పోదు. మీరు రాసిన నుదురు, పై రెప్ప చోటు నన్ను ఆలోచింపజేస్తోంది. ఈ మూడో రకం అక్కడ ఉన్నప్పుడు కొందరు పిల్లల్లో అదే పక్క కంటిలో ఒత్తిడి పెరగడం, మెదడు పొరల నాళాల్లో తేడా వల్ల మూర్ఛ రావడం జరుగుతుంది. కాబట్టి పెద్దయ్యే వరకు ఆగవద్దు. ఈ వారంలోనే పిల్లల వైద్యుడికి, కంటి వైద్యుడికి చూపించి కంటి ఒత్తిడి కొలిపించండి. పాప ఒక చేయి, కాలు తక్కువగా కదిలిస్తున్నా, కొట్టుకున్నట్టు అదురుతున్నా ఫోనులో వీడియో తీసి వెంట తీసుకెళ్లండి. లేజర్ కూడా చర్మం పలుచగా ఉన్న పసితనంలోనే బాగా పనిచేస్తుంది, కానీ కంటి పరీక్ష తరువాతే దాని ఊసు ఎత్తండి.